హీసియడ్ కవి: పూర్వదేవులు, వీరులు, దైవదండనము

గ్రీకు వాఙ్మయమున ఆదికవులుగా పరిగణింపబడువారు ఇరువురు. ఒకరు హోమర్, రెండవవారు హీసియడ్. గ్రీకు భాషయందు ఈ రెండవ కవి నామము హేసియోదోస్. హోమర్ పేరు విననివారు అరుదు. హీసియడ్ పేరు మాత్రము సంస్కృతాంధ్ర విద్వాంసులలో అంతగా వ్యాప్తి పొందలేదు. అయినను గ్రీకుల దేవతలెవరు, వారి వంశక్రమమెట్టిది, టైటనులను పూర్వదేవులు ఎట్లు పరాజితులైరి, అగ్నిని హరించిన ప్రొమీథియస్ ఎట్టి శిక్షను అనుభవించెను, వీరులను జాతి ఎట్లు పుట్టి ఎట్లు నశించెను అను ప్రశ్నలన్నింటికి సమగ్రమైన తొలి సమాధానము ఈ కవి గ్రంథములందే లభించుచున్నది. క్రీ.పూ. 5వ శతాబ్దమునకు చెందిన చరిత్రకారుడు హెరొడోటస్, గ్రీకులకు దేవతల వంశావళిని కూర్చి ఆయా దేవతల నామములను, అధికారములను, రూపములను నిరూపించినవారు హోమర్, హీసియడులే యని అభిప్రాయపడెను. వారు తన కాలమునకు 400 ఏండ్లకంటె పూర్వులు కారనియు అతడు వ్రాసెను. ఆధునికులు హీసియడ్ కాలమును క్రీ.పూ. 700 ప్రాంతముగా నిర్ణయించుచున్నారు.

ఈ కవికి మఱియొక విశేషము కలదు. హోమర్ తన కావ్యములందు తన్ను గూర్చి ఒక్క మాటయైన చెప్పలేదు. హీసియడ్ తన పేరు చెప్పెను. తండ్రి యెచ్చటనుండి వచ్చెనో, తమ గ్రామమెట్టిదో, తమ్మునితో తనకు కలిగిన వివాదమేమో, అందు తనకు జరిగిన అన్యాయమేమో చెప్పెను. స్వీయ జీవితమును కావ్యమున నిలిపిన పాశ్చాత్య కవులలో ఇతడే మొదటివాడు. కాళిదాసు తన జీవితమును గూర్చి మౌనము వహింపగా బాణభట్టు హర్షచరితారంభమున తన కథను తానే చెప్పుకొనిన తీరు ఇట స్మరింపదగినది. దైవదండనమును గూర్చి హీసియడ్ చేసిన విచారము అతని జీవితమునుండి వేఱుచేయరానిది. కావున ఆ రెండింటిని కలిపి పరిశీలించుట యుక్తము.

జన్మదేశము, కుటుంబము

హీసియడ్ తండ్రి ఆసియా మైనరు పశ్చిమ తీరమందలి క్యూమే పట్టణమువాడు. అతడు ఓడలపై వర్తకము చేసి జీవించువాడు. ఆ వృత్తియందు కలిసిరాక, దారిద్ర్యమునకు వెఱచి, సముద్రమును దాటి మధ్య గ్రీసులోని బియోషియా దేశమునకు వచ్చి, హెలికాన్ పర్వత సమీపమున ఆస్క్రా అను పల్లెయందు స్థిరపడెను. ఐశ్వర్యమును విడిచి వచ్చినవాడు కాడనియు, లేమినుండి పాఱిపోయి వచ్చినవాడనియు కుమారుడే నిస్సంకోచముగా చెప్పినాడు. ఆస్క్రా శీతకాలమున దుస్సహమనియు, వేసవియందు కష్టప్రదమనియు, ఏ ఋతువునందును సుఖమీయదనియు నిందించినాడు. స్వగ్రామమును ఇంత నిష్ఠురముగా వర్ణించిన కవులు అరుదు. తండ్రి కష్టములే కారణమై కాబోలు ఈ కవికి సముద్రయానమన్న విముఖత ఏర్పడెను. జీవితమున ఒక్క పర్యాయమే ఓడనెక్కితినని చెప్పిన ఇతడు ఆ ప్రయాణమున దాటినది ఔలిస్ రేవునకును యుబోయా ద్వీపమునకును నడుమనున్న ఇఱుకైన జలసంధి మాత్రమే. ట్రాయి యుద్ధమునకు గ్రీకుల నౌకాసైన్యము కూడుకొనిన రేవు ఆ ఔలిసే. మహావీరులు సముద్రములు దాటుటకు బయలుదేరిన చోటినుండి తాను ఒక పాయను దాటితినని చెప్పుటలో కవియొక్క చమత్కారము గోచరించుచున్నది.

ఆ ప్రయాణమునకు కారణము కాల్కిస్ నగరమున ఆంఫిడమస్ అను ప్రభువు మరణానంతరము జరిగిన స్మారకోత్సవములు. అచ్చటి కవితాస్పర్ధయందు హీసియడ్ జయమొంది పిడులు గల ముక్కాలిపాత్రను బహుమానముగా పొందెను. దానిని తెచ్చి హెలికాన్ పర్వతముపై మ్యూజులను కళాధిదేవతలకు సమర్పించెను.

వాగ్దేవతల అనుగ్రహము

ఆ దేవతలు తన కనుగ్రహించిన వృత్తాంతమును కవి తన మొదటి గ్రంథారంభమున వర్ణించెను. హెలికాన్ పాదమున గొఱ్ఱెలను మేపుకొనుచుండగా మ్యూజులు ప్రత్యక్షమై, మొదట గొల్లలను ఉదరపోషకులని గద్దించిరి. పిమ్మట తమకు సత్యమువలె తోచు అసత్యములను పలుకుటయు తెలియుననియు, సంకల్పించినచో సత్యమునే ప్రకటించుటయు తెలియుననియు చెప్పిరి. అనంతరము బేచెట్టు కొమ్మను దండముగా ఇచ్చి, అతనియందు దివ్యవాక్కును ఊది, జరిగినదానిని జరుగబోవుదానిని గానము చేయుమని ఆజ్ఞాపించిరి. బ్రహ్మ వాల్మీకిని అనుగ్రహించి, కావ్యమున అతని వాక్కు ఏదియు అసత్యము కాదని వరమిచ్చిన ఘట్టముతో దీనిని పోల్చినచో భేదము స్పష్టమగును. వాల్మీకికి లభించినది సత్యమునకు అభయము. హీసియడునకు లభించినది వాక్కు మాత్రమే. అది సత్యమా కాదా యను భారము కవిపైననే మిగిలినది.

పూర్వదేవుల పతనము

అట్లు లభించిన వాక్కుతో అతడు రచించిన గ్రంథము థియోగొనీ. దేవోత్పత్తి యని దాని నామమును సంస్కృతీకరింపవచ్చును. అది సుమారు 1,022 పాదముల గ్రంథము. మొదట కేయాస్ అను శూన్యము, పిదప గైయా అను భూమి, పాతాళ సదృశమైన టార్టరస్, కామస్థానీయుడైన ఎరోస్ ఉద్భవించిరి. భూమి ఆకాశరూపుడైన యురేనసును కని, అతనివలననే 12 మంది టైటనులను, ముగ్గురు ఏకనేత్రులను, ముగ్గురు శతహస్తులను ప్రసవించెను. యురేనస్ తన సంతానమును ద్వేషించి భూగర్భమునందే బంధింపగా, తల్లి ప్రేరణచే కడపటి టైటనైన క్రోనస్ కొడవలితో తండ్రిని ఛేదించి అధికారమును గ్రహించెను. క్రోనస్ తన పుత్రునిచేతనే తాను పతనమందుదునని విని, పుట్టిన శిశువుల నెల్ల మ్రింగుచుండెను. తల్లియైన రియా కడగొట్టు శిశువగు జ్యూసును క్రీటు ద్వీపమున దాచి, భర్తకు గుడ్డలు చుట్టిన ఱాతిని అందించెను. దేవకీ గర్భసంజాతుల విషయమున కంసుని ప్రవర్తనము, శిశువును మార్చుట, పెరుగుటకై దూరమునకు తరలించుట మున్నగు అంశములు భాగవత కథను స్ఫురింపజేయును. కాని కంసుడు మేనమామ, క్రోనస్ కన్నతండ్రి.

జ్యూస్ పెరిగి టైటనులతో పదియేండ్లు పోరెను. టైటనులు ఓథ్రిస్ పర్వతమునుండియు, దేవతలు ఒలింపస్ పర్వతమునుండియు యుద్ధము చేసిరి. శతహస్తులు విడుదల పొంది జ్యూసు పక్షమున నిలువగా టైటనులు ఓడి టార్టరసున బద్ధులైరి. ఆ స్థానము ఎంత లోతైనదో కవి చక్కగా చెప్పెను. ఆకాశమునుండి పడవేసిన కంచు దాగలి తొమ్మిది దినములు పడి పదియవ దినమున భూమిని చేరును. భూమినుండి టార్టరసును చేరుటకు మరల అంతే కాలము పట్టును.

టైటను శబ్దమునకు హీసియడ్ చేసిన నిర్వచనము నిరుక్తకారుల పద్ధతిని తలపించును. తండ్రియైన యురేనసే వారికి ఆ పేరు పెట్టెనట. వారు చేయిసాచి ఘోరకృత్యమునకు పూనుకొనిరి గనుక సాచుట యను అర్థము గల ధాతువునుండియు, దానికి ప్రతీకారము తప్పదు గనుక తిసిస్ అను ప్రతిదండన వాచకమునుండియు ఆ నామము ఏర్పడినదని కవి భావము. భాషాశాస్త్రము దీనిని అంగీకరింపకపోవచ్చును గాని, కవి దృష్టిలో దండనము ఆ నామమునందే ఇమిడియున్నది. ఇంకొక సాదృశ్యము మిక్కిలి ఆశ్చర్యకరమైనది. అదే గ్రంథమున టైటనులు పూర్వపు దేవతలుగా పేర్కొనబడిరి. అమరసింహుడు అసురులకు చెప్పిన పర్యాయపదములలో పూర్వదేవ శబ్దము కలదు. ఓడినవారు మొదటినుండి దుష్టులు గారనియు, ఒకప్పటి దేవతలే యనియు ఉభయ సంప్రదాయములును గుర్తుంచుకొనినవి.

నామసాదృశ్యముల విషయమున జాగరూకత అవసరము. జ్యూస్ శబ్దమును వైదికమైన ద్యౌః శబ్దమును ఏకమూలకములని నిస్సందేహముగా స్థిరపడినది. యురేనస్ వరుణుడే యని 19వ శతాబ్దపు పండితులు పలువురు తలచిరి గాని, ఆ పదమును వర్ష శబ్దముతో సంబంధింపజేయుటయే నేటి భాషావేత్తలలో హెచ్చుగా ఆదరింపబడుచున్నది. మఱియు దేవరాజ్యము తండ్రినుండి కొడుకునకు బలాత్కారముగా సంక్రమించు కథ గ్రీకులకే సొంతము కాదు. టర్కీలోని బొగాజ్‌కోయ్ త్రవ్వకములలో లభించిన హిట్టయిటు మృత్ఫలకములందలి కుమార్బి కథ దీనికి మిక్కిలి సన్నిహితమని 20వ శతాబ్దమున తేలినది. థియోగొనీని 1966లో సవ్యాఖ్యానముగా పరిష్కరించిన మార్టిన్ వెస్ట్ ఈ ప్రాచ్య సంబంధమును విస్తరించి నిరూపించెను.

హవిర్భాగ వివాదము: ప్రొమీథియస్, దక్షుడు

టైటను వంశీయుడైన ఇయాపెటసునకు నలువురు పుత్రులు. వారిలో మెనోయిటియస్ గర్వించి పిడుగుపాటున అంధకారమున పడెను. అట్లాస్ భూమి అంచున నిలిచి ఆకాశమును మోయుటకు నియుక్తుడయ్యెను. ఎపిమీథియస్ అవివేకముచే మానవులకు అనర్థము తెచ్చిపెట్టెను. ప్రొమీథియస్ బుద్ధిమంతుడు. అతని అపరాధము మెకోనే అను చోట యజ్ఞపశు విభాగమున ఆరంభమయ్యెను. దేవతలకును మానవులకును భాగములు పంచుచు, అతడు మాంసమును ఎద్దు పొట్టలో దాచి ఒకవైపును, ఎముకలను తెల్లని క్రొవ్వుతో కప్పి వేఱొకవైపును ఉంచి, జ్యూసును కోరుకొమ్మనెను. జ్యూస్ మోసమును గ్రహించియే క్రొవ్వును కోరి, ఆగ్రహించి, మానవులకు అగ్నిని నిరాకరించెను. ప్రొమీథియస్ బోలుగానున్న మొక్క కాడలో అగ్నిని దాచి అపహరించి మానవులకిచ్చెను. ఫలితముగా అతడు స్తంభమునకు బద్ధుడయ్యెను. పగలు గ్రద్ద అతని కాలేయమును భక్షించును, రాత్రి అది మరల పెరుగును. కడకు జ్యూస్ కుమారుడైన హెరాక్లీస్ ఆ గ్రద్దను చంపెను. అదియు జ్యూసు సమ్మతితోడనే, తన పుత్రుని కీర్తికొఱకే జరిగెనని కవి చెప్పుచున్నాడు.

వేదమున మాతరిశ్వుడు అగ్నిని దూరమునుండి తెచ్చిన కథకును దీనికిని గల సామ్యము పండితులకు విదితమే. ప్రొమీథియస్ నామమును ప్రమంథ శబ్దముతో ముడిపెట్టి 1859లో అడాల్బర్ట్ కూన్ చేసిన ప్రతిపాదన ప్రసిద్ధమైనది. తరువాతి వారు మథించుట కంటె హరించుట యను అర్థము గల వైదిక ధాతువును ఇట గ్రహింపవలెనని సవరించిరి. కాని ఇంతకంటె మౌలికమైన సామ్యము ఒకటి కలదు. ప్రొమీథియస్ అపరాధమునకు బీజము అగ్నిచౌర్యము కాదు, హవిర్భాగ విషయమున జరిగిన వంచనము. యజ్ఞమున ఎవరి భాగమెంత యను వివాదమునుండి దైవదండనము పుట్టుట భారతీయులకు అతిపరిచితమైన దక్షాధ్వర కథయే. రుద్రుని యజ్ఞమునుండి వెలిపెట్టిన కథ తైత్తిరీయ సంహితయందే కలదు. పురాణములందు అది వీరభద్రుని ఆవిర్భావముగా, దక్షుని శిరశ్ఛేదముగా విస్తరించినది.

గోదావరీ మండలమున ఈ కథ గ్రంథములందే కాక భూమియందును నిలిచియున్నది. దక్షారామమే ద్రాక్షారామమైనదని, దక్షుడు యజ్ఞము చేసినది అచ్చటనే యని ఐతిహ్యము. పోలవరమునకు చేరువనున్న పట్టిసీమయందు, గోదావరి నడుమ దేవకూటాద్రిపై, భద్రకాళీసమేత వీరభద్రేశ్వరుడు వెలసియున్నాడు. దక్షసంహారానంతరము వీరభద్రుడు తన పట్టిసమను ఆయుధమును గోదావరీ జలములందు కడిగెనని, దానివలననే ఆ స్థలమునకు ఆ పేరు కలిగెనని స్థలపురాణము. దక్షాధ్వర ధ్వంసమును కాశీఖండమున తెనిగించిన శ్రీనాథుడు ఆ కావ్యమును అంకితమిచ్చిన రాజమహేంద్రవర ప్రభువు పేరును వీరభద్రారెడ్డియే. గ్రీకులయందును ఇట్టి ఐతిహ్యములు కలవు. క్రోనస్ చేతి కొడవలి దాగియున్నదని చెప్పుకొను ద్రెపానే ద్వీపమునకును, సిసిలీలోని జాంక్లే నగరమునకును కొడవలి యనియే అర్థము. ఆ ద్వీపము నేటి కోర్ఫూ, ఆ నగరము నేటి మెస్సీనా. దైవదండనమునకు సాధనమైన ఆయుధము నేలపై పేరుగా మిగులుట రెండు దేశములందును సమానము.

భేదము ఫలితమునందు కలదు. దక్షుడు దండితుడైన వెంటనే అనుగ్రహపాత్రుడయ్యెను. మేషముఖముతో పునర్జీవితుడై, రుద్రునకు భాగమర్పించి యజ్ఞమును ముగించెను. హీసియడ్ కథలో సంధి లేదు. గ్రద్ద చచ్చినను మానవులకు శిక్ష నిలిచియే యున్నది. అగ్నికి వెలగా జ్యూస్ పండోరాను సృష్టింపజేసెను. హెఫైస్టస్ మట్టితో చేసిన ఆ కన్యను అథీనా అలంకరించెను. ఆమె మూత తీసినది పెద్ద జాడీయే గాని పెట్టె కాదు. 16వ శతాబ్దమున ఎరాస్మస్ చేసిన పొరపాటువలన ఐరోపీయ భాషలందు పెట్టె యను మాట స్థిరపడినది. ఆ జాడీనుండి వ్యాధులు, దుఃఖములు లోకమున వ్యాపింపగా ఆశ యొక్కటి అంచు లోపల మిగిలినది. ఆశ మానవునకు మిగిలిన ఊరటయా, లేక అదియు బంధింపబడి మానవునకు దక్కకపోయెనా యను విషయమున వ్యాఖ్యాతలు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు.

దాయవిభాగము, న్యాయాన్వేషణము

థియోగొనీ రచించినప్పటి హీసియడ్ దృష్టిలో దండనము విజేతయొక్క అధికారము. బలవంతుడు పాలించును, ఎదిరించినవాడు పడిపోవును. రెండవ గ్రంథమున ఈ దృష్టి మాఱినది. ఆ మార్పునకు కారణము అతని ఇంటిలోనే పుట్టినది.

తండ్రి గతించిన పిదప హీసియడ్, అతని తమ్ముడు పెర్సెస్ ఆస్తిని పంచుకొనిరి. పెర్సెస్ అంతటితో తృప్తిపడక, న్యాయనిర్ణయము చేయు ప్రభువులను కానుకలతో వశపరచుకొని తన వంతునకు మించి అపహరించెను. ఆ ప్రభువులను కవి కానుకలు మ్రింగువారని బాహాటముగా నిందించెను. మరల వ్యాజ్యమునకు తలపడుచున్న తమ్ముని ఉద్దేశించి, ఆ ప్రభువులు కూడ వినునట్లుగా అతడు రచించినదే కర్మములు, దినములు అను అర్థము గల రెండవ గ్రంథము. అది 828 పాదముల కావ్యము. పెర్సెస్ కల్పితపాత్ర యని కొందఱు ఆధునికులు శంకించిరి గాని, తండ్రినిగూర్చియు గ్రామమునుగూర్చియు చెప్పిన వివరములతో అది చక్కగా పొసగుచున్నందున ఆ శంక బలవత్తరము కాదు.

ఈ గ్రంథారంభముననే కవి తన పూర్వమతమును సవరించుకొనెను. థియోగొనీలో కలహదేవత యొక్కతెయే. ఇట ఇరువురు కలహదేవతలున్నారని అతడు ప్రకటించెను. ఒకతె యుద్ధములను వ్యాజ్యములను పెంచునది. రెండవది పొరుగువాని శ్రమను చూచి సోమరియైనవాడు సైతము పనికి పూనుకొనునట్లు చేయునది. తమ్ముడు మొదటిదానిని విడిచి రెండవదానిని ఆశ్రయింపవలెనని కవి ఆకాంక్ష. రెండవ గ్రంథము తరువాతిదని నిర్ణయించుటకు పరిశోధకులు చూపు ప్రమాణములలో ఇది ముఖ్యమైనది.

ప్రభువులకు అతడు డేగ, కోకిలవంటి గాయకపక్షియైన నైటింగేలు కథను వినిపించెను. గోళ్ళలో చిక్కి రోదించుచున్న పక్షితో డేగ, బలవంతునితో పోరుట అవివేకమని పలికి తన ఇచ్చ వచ్చినట్లు చేయుదునని చెప్పును. గ్రీకు వాఙ్మయమున లభించు జంతుకథలలో ఇదియే ప్రాచీనతమము. పంచతంత్రమునందువలె ఇట నీతి వెంటనే చెప్పబడలేదు. కథ డేగ మాటతోనే ఆగును. దానికి ప్రత్యుత్తరముగా కవి డికే అను న్యాయదేవతను ప్రవేశపెట్టెను. ఆమె జ్యూసు కుమార్తె, కన్య. తన్ను అవమానించినవారి కుటిలబుద్ధిని తండ్రి చెంత కూర్చుండి నివేదించును. మఱియు జ్యూసునకు 30,000 మంది అమరులైన కావలివారు కలరు. వారు పొగమంచును ధరించి భూమియందంతట సంచరించుచు మానవుల న్యాయాన్యాయములను కనిపెట్టుచుందురు. ఋగ్వేదమందలి వరుణుని చారులు ఇట వెంటనే స్మృతికి వత్తురు. మృగములకు పక్షులకు పరస్పర భక్షణము ధర్మమనియు, మానవునకు మాత్రము జ్యూస్ న్యాయమును ప్రసాదించెననియు కవి సిద్ధాంతము. డేగ మాటకు అది సమాధానము. మత్స్యన్యాయమును దండనీతితో నివారింపవలెనను అర్థశాస్త్రకారుల భావమునకు ఇది సన్నిహితము.

అయినను కవి మనస్సు పూర్తిగా నిశ్చింతము కాలేదు. అన్యాయపరునకే అధిక న్యాయము దక్కునట్లయినచో తానుగాని తన కుమారుడుగాని న్యాయవర్తనులై యుండుట తగదని ఒకచోట తీవ్రముగా పలికి, జ్యూస్ అట్లు జరుగనీయడని తన నమ్మకమును ఆ వెంటనే ప్రకటించెను. వ్యాజ్యమున ఓడి, అధికారబలము లేక, వేడుకొనుటకు వేఱొక న్యాయస్థానము లేని కృషీవలుని మాట యది. థియోగొనీలో జ్యూస్ విజేత మాత్రమే. ఇట అతడు న్యాయాధిపతి కాక తప్పదు. కానిచో కవికి నిలువ నీడ లేదు.

ఇచట ఒక తాత్త్విక భేదము గమనింపదగినది. హీసియడునకు పునర్జన్మ భావన లేదు. కావున పాపి సుఖముగా మరణించినచో దండనము ఎచ్చట జరుగవలెను? అసత్యప్రమాణము చేసినవాని సంతతి క్షీణించుననియు, ఒక్క దుష్టుని కారణమున నగరమంతయు క్షామమునకు, మహామారికి గురియగుననియు అతని సమాధానము. కర్మసిద్ధాంతమున కర్తయే భోక్త. హీసియడ్ మతమున భోక్త కర్తృసంతానము కావచ్చును, నిరపరాధియైన పౌరుడును కావచ్చును. తరువాతి గ్రీకు విషాదనాటకములు ఈ సమస్యనే ఆశ్రయించి వర్ధిల్లినవి.

ఐదు జాతులు, వీరుల స్థానము

లోకమునకు ఈ దురవస్థ ఎట్లు కలిగెనో చెప్పుటకు కవి ఐదు మానవజాతులను వర్ణించెను. క్రోనస్ పాలనమున స్వర్ణజాతి శ్రమ లేక, జరాదుఃఖములు లేక జీవించి, మరణానంతరము మానవ రక్షకులైరి. రజతజాతివారు నూఱేండ్లు తల్లిచాటు బిడ్డలై, ఎదిగిన పిమ్మట దేవతలను పూజింపక జ్యూసుచే అంతరించిరి. కంచుజాతివారు యుద్ధోన్మాదముచే ఒండొరులను చంపుకొనిరి. పిదప పుట్టినవారు వీరులు. వారు దేవాంశసంభూతులు, పూర్వులకంటె ధర్మపరులు. తీబ్స్ నగరమునొద్ద కొందఱును, హెలెన్ కొఱకు ట్రాయియందు కొందఱును హతులైరి. మఱి కొందఱు సముద్రాంతమున పుణ్యద్వీపములందు సుఖించుచున్నారు. చివరిది కవి జీవించుచున్న ఇనుపజాతి. దీనిలో పుట్టకుండిన బాగుండెడిదని అతడు వాపోయినాడు. కడకు తండ్రికి కొడుకునకు, అతిథికి గృహస్థునకు పొందిక లేక, లజ్జాదేవతయు ధర్మక్రోధదేవతయు శుక్లవస్త్రములు ధరించి భూమిని విడిచిపోవుదురని భవిష్యత్తును చెప్పెను.

కృతాది యుగచతుష్టయముతో దీని సామ్యము సుప్రసిద్ధము. నాలుగు లోహముల క్రమమున వీరజాతికి లోహనామము లేదు. పతనక్రమమును భంగపరచి తన ముందటి జాతికంటె మేలైనదిగా అది నడుమ చేరినది. కారణము స్పష్టము. గ్రీకులు తమ వీరులను విస్మరింపజాలరు. ద్వాపరాంతమున భారతవీరులు నశించి కలి ప్రవేశించినట్లే, ట్రాయి వీరుల అనంతరము ఇనుపయుగము ప్రవేశించినది. భూభారమును తగ్గించుటకై జ్యూస్ ట్రాయి యుద్ధమును సంకల్పించెనని నేడు శకలములుగా మిగిలిన కిప్రియా కావ్యమున కలదు. ఈ భావము భారతమందలి భూభారావతరణ కథకు అత్యంత సన్నిహితము.

దండితులైన పూర్వదేవుల విషయమున తరువాతి కాలము కనికరము చూపినది. క్రీ.పూ. 5వ శతాబ్దపు కవి పిండార్, జ్యూస్ టైటనులను విడుదల చేసెననియు, క్రోనస్ పుణ్యద్వీపములకు అధిపతియయ్యెననియు సూచించెను. బలి చక్రవర్తి బద్ధుడై, సుతలమునకు ప్రభువై, వామనునే ద్వారపాలకునిగా పొందుట దీనితో పోల్చదగినది. ఎస్కిలస్ పేర వెలసిన ప్రొమీథియస్ నాటకమున ఆ బద్ధుడు మానవజాతికి ఉపకారియై, జ్యూసును ఎదిరించి నిలిచిన ధీరుడయ్యెను. హీసియడునందు వంచకుడైనవాడు అచ్చట త్యాగియైనాడు.

కృషి, నక్షత్రములు

న్యాయము దేవతలవలన రావలసినది. అన్నము మాత్రము మానవుని చేతియందున్నది. అందువలన గ్రంథముయొక్క ఉత్తరభాగమున కవి కృషిని బోధించెను. రెండు నాగళ్ళు సిద్ధముగా నుండవలెను, తొమ్మిదేండ్ల ఎడ్ల జత ఉండవలెను, దున్నువాడు దిక్కులు చూడని నలువదేండ్ల ప్రాయమువాడై యుండవలెను. కృత్తికలు ఉదయించునప్పుడు పంటకోత, అస్తమించునప్పుడు దుక్కి. నడుమ అవి 40 అహోరాత్రములు కానరావు. ఈ కృత్తికలు ఆకాశమును మోయుచున్న అట్లాసు పుత్రికలు. తండ్రి దండితుడు, కుమార్తెలు కర్షకులకు మార్గదర్శకులు. గ్రీకులకు కృత్తికలు ఏడుగురు. తైత్తిరీయమునందును ఏడు నామములే కలవు. గోదావరీతీర కర్షకులు కృత్తిక, రోహిణి, మృగశిర కార్తెలను బట్టి సేద్యము సాగించుట ఇట్టిదే. కాని కార్తె యనగా సూర్యుడు ఆ నక్షత్రమున నుండు కాలము. అనగా ఆ నక్షత్రము కనబడని కాలము. హీసియడ్ చెప్పిన అదర్శన కాలమునకే ఇచట పేరు పెట్టబడినది. సూర్యునకు అభిముఖముగా మూత్రవిసర్జనము చేయరాదు, నదీజలములను మలినపరుపరాదు మున్నగు అతని నియమములు మనుస్మృతి చతుర్థాధ్యాయమందలి స్నాతకధర్మములను పోలియున్నవి. చివర శుభాశుభ దినముల విచారము తిథిఫలములను తలపించును.

పెర్సెస్ తుదకు అన్నగారి ఇంటికే యాచనకు వచ్చినట్లు గ్రంథమున సూచన కలదు. ఇక నీయనని, కొలువనని, పని చేసికొమ్మని అన్న పలికెను. ఆ పలుకులో కోపము కలదు. పని నేర్పుటకై వందల పాదములు రచించుటలో సోదరవాత్సల్యమును కలదు.

మరణము, అనంతర కీర్తి

హీసియడ్ మరణకథ అతని గ్రంథములలో లేదు, తరువాతి ఐతిహ్యము. నెమియాయందలి జ్యూస్ వనమున మరణము కలుగునని డెల్ఫీ దైవవాణి హెచ్చరింపగా, అతడు పెలొపొన్నీసస్ లోని ప్రసిద్ధమైన నెమియాకు దూరముగా తొలగి లోక్రిస్ దేశమునకు పోయెను. అచ్చటను నెమియా జ్యూసునకు ఆలయము కలదని అతడెఱుగడు. తమ సోదరిని చెఱచెనను అనుమానముతో ఆతిథ్యమిచ్చిన ఇంటి కుమారులు అతనిని చంపి శవమును సముద్రమున పడవేసిరి. మూడవనాడు డాల్ఫినులు దానిని ఒడ్డునకు చేర్చెను. ఓడపై పాఱిపోవుచున్న హంతకులను జ్యూస్ పిడుగుతో ముంచెనని ఒక కథనము. తుసిడైడిస్ వంటి జాగరూకుడైన చరిత్రకారుడు సైతము ఆ ఆలయమున హీసియడ్ హతుడైనట్లు చెప్పుకొందురని ప్రస్తావించెను. శాపమును తప్పించుకొనజూచి దానికే ఎదురేగిన ఈ కథ, ఒంటిస్తంభపు మేడ నెక్కినను తక్షకుని తప్పించుకొనలేని పరీక్షిత్తును తలపునకు తెచ్చును. జీవితమున తీరని న్యాయమును జనులు మరణకథలో కవికి సమకూర్చిరనుట స్పష్టము. తరువాతి కాలమున ఓర్కొమెనసువారు మహామారి నివారణమునకై దైవవాణి ననుసరించి అతని అస్థికలను తమ నగరమునకు తెచ్చికొనిరట.

అతడును హోమరును కాల్కిసున పోటీపడిరనియు, శాంతిని కృషిని గానము చేసినందున రాజు హీసియడునకే జయమిచ్చెననియు మఱియొక కథ. చరిత్రగా అది నిలువదు. ఇద్దరు కవుల స్వభావమును మాత్రము చక్కగా పట్టియిచ్చుచున్నది. రోమను కవి వర్జిల్ తన కృషికావ్యమును ఆస్క్రా గీతముగా పేర్కొని ఇతనికి ఋణపడెను.

క్రీ.శ. 2వ శతాబ్దమున యాత్రికుడు పౌసానియస్ ఆ ప్రాంతమునకు వచ్చునప్పటికి ఆస్క్రాలో చెప్పుకొనదగినది ఒక్క బురుజు మాత్రమే మిగిలియుండెను. హెలికాన్ పై కవి సమర్పించినదని చెప్పబడు ముక్కాలిపాత్రను, కాలవశమున చెడిన సీసపు రేకుపై చెక్కిన కర్మదినముల గ్రంథమును అతడు చూచెను. ఈ రెండవ గ్రంథము తప్ప మఱి యేదియు హీసియడ్ రచన కాదని స్థానికులు అతనికి చెప్పిరి. ఆధునికులు ఆ మాటను అంగీకరింపక థియోగొనీయు అతనిదే యనుచున్నారు. కాని స్థానికుల మాటలో ఒక వివేకము కలదు. దేవతల విజయమును పాడిన గ్రంథముకంటె, వ్యాజ్యమున వంచితుడైన కర్షకుడు న్యాయముపై విశ్వాసమును విడువక పలికిన గ్రంథమునే ఆ పర్వతవాసులు తమ కవిదిగా నిలుపుకొనిరి.